థెరపీ రాజమండ్రిలోనా, మన వీధిలోనా?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. బాబుకి నాలుగేళ్ళ మూడు నెలలు. ఏడాదిన్నరకి ‘అమ్మ’, ‘తాత’, ‘బువ్వ’ అనేవాడు. రెండేళ్ళు నిండేసరికి ఆ మాటలు పోయాయి. పిలిస్తే పలకడు. చింతపిక్కలు వరసగా పేర్చుకుంటూ కూర్చుంటాడు, తిరిగే ఫ్యాను వంక అలా చూస్తూనే ఉంటాడు. ఇంటి ఎదురుగానే కాలువ, ఇప్పటికి రెండుసార్లు గట్టు దాకా వెళ్ళిపోయాడు. మొన్న రాజమండ్రిలో డాక్టరు గారు ఆటిజం అన్నారు. అక్కడ ఒక సెంటర్ వాళ్ళు నెలకి 28 వేలు కడితే ఏడాదిలో నార్మల్ చేసేస్తామంటున్నారు. మా ఆయన కువైట్‌లో డ్రైవరు. ముప్పై సెంట్ల కొబ్బరితోట అమ్మేద్దాం, నువ్వు బాబుని తీసుకుని రాజమండ్రిలో రూమ్‌లో ఉండు అంటున్నారు. ఫోను చూపించి పాడుచేశావని మా అత్తగారు రోజూ సాధిస్తున్నారు. మా చెల్లి డిగ్రీ చదివింది. మూడు నెలల ఆన్‌లైన్ కోర్సు చేసి ఆటిజం థెరపిస్ట్ సర్టిఫికెట్ తెచ్చుకుంటానంటోంది, ఫీజు 45 వేలు. పైగా మా ఊరి యూత్ వాళ్ళు ఏప్రిల్ 2న ఆటిజం డే చేస్తారట. బ్యాండుతో ర్యాలీ, నీలం బెలూన్లు, బాబుని స్టేజీ ఎక్కించి శాలువా కప్పడం. వద్దంటే ఏమనుకుంటారో. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఏది చెయ్యమంటారు?
– ఒక తల్లి, కోనసీమ

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగినవాటికి అన్నిటికీ చెబుతాను. కానీ మీరు అడగకుండా, మధ్యలో ఒక వాక్యంగా రాసి దాటేసిన సంగతి దగ్గర నా గుండె ఆగింది. రెండుసార్లు కాలువ గట్టు దాకా వెళ్ళిపోయాడు అన్నారు. కొబ్బరితోట సంగతి నెల తర్వాత తేల్చుకోవచ్చు. ఇది ఇవాళ చీకటి పడేలోపు చూసుకోవాల్సిన పని.

ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామంది చెప్పాపెట్టకుండా ఇంట్లోంచి జారుకుంటారు. నీళ్ళంటే విపరీతమైన ఇష్టం ఉన్నవాళ్ళూ ఎక్కువే. పారే నీటి మీద ఎండ మెరుస్తుంటే మీ వాడికి అది తిరిగే ఫ్యానులాంటిదే. భయం ఉండదు. పడిపోతే కేకెయ్యాలని కూడా తోచదు. మనదేమో వీధికో కాలువ, ఇంటి వెనకో చెరువు ఉన్న సీమ. రొయ్యల చెరువులు వచ్చాక నీళ్ళు పెరట్లోకే వచ్చేశాయి. కాబట్టి గేటు గడియ కింద ఉంటే పైకి మార్పించండి, మీ చెయ్యి ఎత్తితే అందేంత ఎత్తున. పెరటి తలుపు మర్చిపోవద్దు. గేటుకి నాలుగు మువ్వలు కట్టండి, తెరిస్తే వంటింట్లోకి వినపడాలి. వాడు ఊరుకుంటే కాళ్ళకి కూడా మువ్వల పట్టీలు పెట్టండి. మగపిల్లాడికి పట్టీలేమిటని అత్తగారు అంటే, ఆవిడ కొడుక్కి చిన్నప్పుడు కట్టింది ఎవరో నవ్వుతూ అడగండి. మన పెద్దవాళ్ళు ముద్దు కోసం కట్టారనుకుంటాం గానీ పిల్లాడు ఎటు పోతున్నాడో చెవికి తెలియడం కోసం కూడా కట్టారు.

ఇంకోటి గుర్తుపెట్టుకోండి. వాడు కనిపించకపోతే మంచాల కింద, పక్కింట్లో వెతకొద్దు. ముందు నీళ్ళ దగ్గరికి పరుగెత్తండి. ఇల్లు తర్వాత వెతకొచ్చు. చొక్కా లోపల మీ ఫోను నంబరు చెరగని ఇంకుతో రాయండి, వాడు పేరు చెప్పలేడు కదా. వేసవిలో కాలువలు కట్టేస్తారు, నీళ్ళు వదిలేసరికి జూన్ అవుతుంది. గట్టు దగ్గర ఆగడం, చెయ్యి పట్టుకుని నిలబడడం, వెనక్కి తిరగడం ఆ రోజుల్లో రోజూ ఒకసారి అలవాటు చేయించండి. కాస్త పెద్దయ్యాక ఈత నేర్పించండి. వచ్చాక కూడా కాపలా మానొద్దు.

ఇక మీ అత్తగారు. ఆవిడ మీద నాకు కోపం లేదు. తనకి తెలిసిన కారణం ఒకటి కావాలి, ఎదురుగా ఫోను కనిపించింది. కానీ ఫోను వల్ల ఆటిజం రాదు. గ్రహణం మొర్రి అని అంటామే, అలా గ్రహణానికీ దీనికీ ముడిపెట్టేవాళ్ళు కూడా రేపో మాపో తగులుతారు, విని వదిలెయ్యండి. టీకాల వల్లా రాదు. ఆ ముడి పెడుతూ 1998లో ఒక బ్రిటన్ డాక్టరు రాసిన వ్యాసాన్ని, తప్పులు బయటపడ్డాక, అచ్చు వేసిన లాన్సెట్ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. తల్లి దగ్గరకి తీసి పెంచకపోతే ఇలా అవుతారని ఒకప్పుడు అమెరికాలో పేరున్న డాక్టర్లే అన్నారు. ఒక తరం తల్లులు ఆ నింద మోశారు. 1977లో కవల పిల్లల మీద పరిశోధన వచ్చింది, ఆ తర్వాత మరెన్నో వచ్చాయి. ఇది చాలావరకు జన్యువులతో వచ్చే తేడా అని తేలి ఆ నింద కొట్టుకుపోయింది. అక్కడ కొట్టుకుపోయిన మాట మన పంచల్లో ఇంకా కూర్చుని ఉంది.

అలాగని అత్తగారి మాటలో పస లేదనను. మన ఇళ్ళల్లో పిల్లలకి అన్నం ఎలా పెట్టేవారు? చంకనెత్తుకుని, అరుగు మీదకొచ్చి, అదిగో చందమామ అని వేలు పెట్టి చూపిస్తూ. పిల్లాడు వేలుని చూసి, వేలు చూపించిన చోటికి చూసి, మళ్ళీ అమ్మ మొహం చూసేవాడు. ఇద్దరూ కలిసి ఒకే వస్తువుని చూడడం అన్నమాట. మాటలకి అదే పునాది, మీ వాడికి కష్టమైంది కూడా సరిగ్గా అదే. ఫోను ముందు కూర్చోబెట్టి పెడితే ముద్ద లోపలికి పోతుంది, ఆ చూపుల బేరం మాత్రం జరగదు. ఆటిజం ఫోను తేలేదు. కానీ మీ వాడికి అందరికంటే ఎక్కువ కావాల్సిన అభ్యాసాన్ని ఫోను తినేస్తుంది. అత్తగారికి ఇలాగే చెప్పండి. చెప్పి, సాయంత్రం ముద్దలు ఆవిడనే పెట్టమనండి, ఫోను లేకుండా, అరుగు మీద. తప్పు పట్టే మనిషికి పని అప్పజెబితే సగం గొడవ తగ్గుతుంది. ఇది ఆటిజం సలహా కాదు, అత్తాకోడళ్ళ సలహా.

ఇప్పుడు ఆ 28 వేల సెంటరు. ‘నార్మల్ చేసేస్తాం’ అన్న మాట విన్న చోటి నుంచి లేచి వచ్చెయ్యండి. ఇది జ్వరం కాదు, తగ్గిపోవడానికి. పిల్లాడి మెదడు ప్రపంచాన్ని అందుకునే తీరే వేరు. నేర్పితే మాటలు రావచ్చు, పనులు నేర్చుకుంటాడు, చదువుకోవచ్చు, కొందరైతే మనం ఊహించనంత దూరం వెళతారు. ఎవరు ఎంత దూరమో నాలుగేళ్ళ వయసులో ఎవరూ చెప్పలేరు. గడువు పెట్టి గ్యారంటీ ఇచ్చేవాళ్ళు మీ భయాన్ని అమ్ముకుంటున్నారు. రేపు ఇంకెవరో మూలకణాల ఇంజెక్షన్లంటూ లక్షల లెక్క చెబుతారు. ఆటిజానికి ఆ చికిత్స పనికిరాదని, దాన్ని ప్రచారం చేసుకోవడం డాక్టరుకి తగని పని అని జాతీయ మెడికల్ కమిషన్ 2022లోనే తేల్చింది. ఒంట్లో లోహాలు తీసేస్తామని మందులెక్కించేవాళ్ళ జోలికి అసలు పోవద్దు, ప్రాణాల మీదకి వస్తుంది. నాలుక మీద వసకొమ్ము అరగదీసి రాయడం గురించి మీరు రాయలేదు గానీ ఈపాటికి అదీ అయ్యే ఉంటుంది. ఇక చాలు.

థెరపీ వద్దనడం లేదు. స్పీచ్ థెరపిస్టు, రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ దొరికితే వదులుకోకూడదు. కానీ ఒక్క సంగతి చూడండి. మిమ్మల్ని గది బయట బెంచీ మీద కూర్చోబెట్టి, లోపల ముప్పావు గంట ఏదో చేసి, తలుపు తీసి పిల్లాణ్ణి చేతికిచ్చే చోటికి వెళ్ళొద్దు. ఆ ముప్పావు గంట పోను రోజులో మిగతా సమయమంతా వాడు మీ దగ్గరే ఉంటాడు. వాడి భాష మీకు నేర్పడమే థెరపిస్టు అసలు పని.

ఇది నా సొంత నమ్మకం కాదు. గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లల కుటుంబాలతో ఒక పరిశోధన చేశారు, 2016లో అచ్చయింది. అక్కడ పని చేసింది పెద్ద డిగ్రీలున్న స్పెషలిస్టులు కాదు, శిక్షణ ఇచ్చిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. తల్లీ పిల్లాడూ ఆడుకుంటుంటే వీడియో తీసి, దాన్ని తల్లితో కలిసి చూసి, ఇదిగో ఇక్కడ వాడు మీ వంక చూశాడు, మీరు గమనించలేదు అని చూపించేవారు. అంతే. కొన్ని నెలల్లో పిల్లలు తమంతట తాము అమ్మతో ఏదో ఒకటి చెప్పుకోవడానికి ప్రయత్నించడం పెరిగింది.

మీకూ అదే చెబుతున్నాను. వాడు చింతపిక్కలు పేరుస్తుంటే లాక్కోవద్దు. పక్కన, వాడి కళ్ళకి మీ మొహం అందే ఎత్తులో, నేల మీద చతికిలపడండి. పిక్కలన్నీ మీ ఒడిలో పెట్టుకుని ఒక్కొక్కటి అందించండి. రెండు రోజులకి వాడి చెయ్యి మీ వైపు వస్తుంది. మూడో రోజు పిక్క మీ బుగ్గ దగ్గర పట్టుకుని ఆగండి. వాడు ఒక్క క్షణం మీ మొహం వంక చూస్తే ‘పిక్క!’ అని చెప్పి వెంటనే ఇచ్చెయ్యండి. చూడకపోయినా కొద్దిసేపాగి ఇచ్చెయ్యండి, ఏడిపించొద్దు. ఉయ్యాల ఊపుతూ ఊపుతూ ఆపి, మనసులో పది లెక్కపెట్టండి. వాడు కాలు కదిపినా, ‘ఊ’ అన్నా అదే మాట కింద లెక్క, ఊపండి. మనకి ఆ పది లెక్కపెట్టడమే రాదు. రెండు దాకా లెక్కపెట్టి మనమే ‘ఊపనా నాన్నా, ఊపనా, ఊపమని చెప్పు, చెప్పవా’ అని వరద తెస్తాం. వాడికి నోరు తెరిచే సందే ఇవ్వం. ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, నేనూ ఇప్పటికీ తొందరపడుతుంటాను.

ఈ ఆటని మీ ఫోనులోనే ఐదు నిమిషాలు వీడియో తీసి కువైట్‌కి పంపండి. మీ ఆయన్ని ఒకటే అడగండి, మనవాడు నా వంక ఎన్నిసార్లు చూశాడో లెక్కపెట్టి చెప్పండి అని. మీకు కనిపించనిది ఆయనకి కనిపిస్తుంది. తోట అమ్మి డబ్బు పంపడమొక్కటే తండ్రి పని అనుకుంటున్నారాయన, అంత దూరాన ఉన్న మనిషికి అలాగే తోస్తుంది. ఈ వీడియోలనే థెరపిస్టుకీ చూపించండి. నెలకి ఒకటో రెండో సార్లు రాజమండ్రి వెళ్ళి, ఇంట్లో చెయ్యాల్సిన పని నేర్చుకుని రావడానికి ముప్పై సెంట్లు అమ్మక్కర్లేదు.

భాష గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఎవరో ఒకరు మీకు ‘ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి, లేకపోతే కన్‌ఫ్యూజ్ అవుతాడు’ అని చెబుతారు. నమ్మొద్దు. మీ నోటికి ఏ మాట సహజంగా వస్తుందో, ఏ మాటలో ముద్దు చేస్తారో, కసురుకుంటారో అదే మాట్లాడండి. ఒకటికి రెండు భాషలు విన్నా నష్టం లేదు. రాని ఇంగ్లీషులో మొక్కుబడిగా మాట్లాడే అమ్మ వల్లే నష్టం. అలాగే నీళ్ళ గ్లాసు బొమ్మ, పెరుగన్నం బొమ్మ, ఉయ్యాల బొమ్మ కార్డులుగా చేసి వాడికి అందేలా తగిలించండి. బొమ్మ చూపిస్తే అడిగినట్టే. బొమ్మలకి అలవాటుపడితే మాటలు రావని కొందరు భయపెడతారు, అది నిజం కాదు.

దగ్గర్లో ఉన్నవాటిని వదిలేసి దూరం పరుగెత్తుతున్నాం మనం. ముందు చెవుల పరీక్ష చేయించారా? పిలిస్తే పలకని పిల్లాడికి బెరా పరీక్ష మొదటి మెట్టు, రిపోర్టు లేకపోతే అది చేయించండి. మీ అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్ల బృందం రావాలి. వాళ్ళు రాసిస్తే, పిల్లల ఎదుగుదలలో తేడాల్ని చూసే డీఈఐసీ అనే జిల్లా స్థాయి కేంద్రానికి ఉచితంగా పంపుతారు. అంగన్‌వాడీ టీచరు ‘ఇలాంటివాణ్ణి ఎలా చూసుకోను’ అంటే, దివ్యాంగ పిల్లల్ని అంగన్‌వాడీలో ఎలా చేర్చుకోవాలో కేంద్రం 2023 నవంబరులోనే పద్ధతి విడుదల చేసిందని మెల్లగా గుర్తుచెయ్యండి. ఆవిడతో గొడవ పెట్టుకోవద్దు, మీకు ఆవిడ అవసరం చాలా ఉంది. మండలంలో భవిత సెంటరు ఉంటుంది, సమగ్ర శిక్ష కింద నడుస్తుంది. అక్కడ ప్రత్యేక అవసరాల పిల్లలకి నేర్పే టీచరు ఉంటారు. బడి వయసుకి ముందే వెళ్ళి పరిచయం చేసుకోండి.

సచివాలయంలో అడిగితే సదరం స్లాటు, అంటే వైకల్యం సర్టిఫికెట్ కోసం డాక్టర్లు చూసే రోజు, గురించి చెబుతారు. ఆటిజానికి కొలత ఇసా అనే పరీక్షతో వేస్తారు. మన సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థలో తయారైంది అది, 40 అంశాలుంటాయి, స్కోరు 70 నుంచి ఆటిజం కింద లెక్క. మీరు చెప్పే జవాబుల మీదే సగం ఆధారపడుతుంది. కాబట్టి వాడు మంచిగా ఉన్న రోజు గురించి గొప్పగా చెప్పొద్దు, మామూలు రోజు ఎలా ఉంటాడో చెప్పండి. క్యాంపులో మన తల్లులు పరువు కోసం ‘అన్నీ చేస్తాడండీ’ అంటారు, బయటికొచ్చి ఏడుస్తారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. సర్టిఫికెట్లో వైకల్యం 40 శాతం, ఆ పైన వస్తే పింఛనుకి అడగవచ్చు, ఆంధ్రలో అది ఇప్పుడు నెలకి 6 వేలు. ఆరేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా ఉచితంగా చదువుకునే హక్కు ఉంటుంది. నేషనల్ ట్రస్టు వాళ్ళ నిరామయ బీమా లక్ష రూపాయల దాకా ఇస్తుంది, థెరపీ బిల్లులకి కూడా అందులో కొంత వస్తుంది. బిల్లులు మాత్రం జాగ్రత్తగా దాచుకోవాలి.

చెల్లి సంగతి. అమ్మాయి మనసు మంచిది, కోర్సు మంచిది కాదు. మన దేశంలో స్పెషల్ ఎడ్యుకేటర్లకీ, స్పీచ్ థెరపిస్టులకీ ఆర్‌సీఐ అనే పునరావాస మండలిలో రిజిస్ట్రేషన్ ఉండాలి. 1992 చట్టం అది. నంబరు లేకుండా ఆ వృత్తి చెయ్యడం నేరం, ఏడాది దాకా జైలు అని చట్టంలోనే ఉంది, ఎంతమందికి వేశారన్నది వేరే సంగతి. ఆ 45 వేల కోర్సు వాళ్ళని ఒక్క ప్రశ్న అడగమనండి: చివర్లో ఆర్‌సీఐ నంబరు వస్తుందా? సమాధానం ‘ఇంటర్నేషనల్ సర్టిఫికెట్ మేడమ్’ అని మొదలైతే ఫోను పెట్టెయ్యమనండి. రాజమండ్రిలో మీ వాడికి నేర్పే స్పెషల్ ఎడ్యుకేటర్నీ, స్పీచ్ థెరపిస్టునీ కూడా ఇదే అడగండి. మంచివాళ్ళు నొచ్చుకోరు, నంబరు చూపిస్తారు.

డిగ్రీ ఉంది కాబట్టి అమ్మాయికి రెండేళ్ళ స్పెషల్ బీఈడీ ఉంది. అంత కాలం కుదరదంటే ఆర్‌సీఐ 2021లో మొదలుపెట్టిన ఆరు నెలల కోర్సు ఒకటుంది, అది చదివినవాళ్ళని దివ్యాంగ మిత్ర అంటారు. పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి ఇలాంటి కుటుంబాలకి సాయపడే పని. నాకైతే మీ చెల్లికి అదే మొదటి మెట్టుగా నచ్చింది. పని చేతికి అంటుకుంటే, మనసు నిలిస్తే, అప్పుడు బీఈడీ. ఉద్యోగాల మాటకొస్తే, ఎంతమంది ప్రత్యేక పిల్లలకి ఒక స్పెషల్ టీచరు ఉండాలో లెక్క తేల్చమని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రాథమిక బడుల్లో పదిమందికి ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు అని 2022లో కేంద్రం ప్రకటించింది. మన జిల్లాల్లో ఆ లెక్కకి సరిపడా మనుషులే లేరు. ఈలోగా రోజూ గంటసేపు మీ వాడితో పిక్కలాట ఆడమనండి. ఏ కాలేజీలోనూ అంత దగ్గరగా నేర్చుకోలేదు.

ఇక ఏప్రిల్ 2. దీని గురించి చెప్పడానికి నాకు కాస్త సిగ్గుగా ఉంది. ఐక్యరాజ్యసమితి 2007 డిసెంబరులో ఆ రోజుని ప్రకటించింది, మరుసటేడు నుంచి జరుగుతోంది. కొన్నేళ్ళ కింద మేము కూడా చేశాం, నా పూనికతోనే. బ్యాండు మేళం, నీలం టోపీలు, బెలూన్లు, ముందు వరసలో మా పిల్లలు. బజారు మధ్యలో ఎండకి బెలూన్లు పేలడం మొదలైంది. ఒక పిల్లాడు చెవులు మూసుకుని రోడ్డు మీద కూర్చుండిపోయాడు, తన చేతిని తానే కొరుక్కున్నాడు, రక్తం వచ్చింది. చుట్టూ నిలబడినవాళ్ళు ‘అయ్యో పిచ్చి పాపం’ అన్నారు. మర్నాడు పేపర్లో మా ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. ఆ పిల్లాడి తల్లి మాత్రం ఆ తర్వాత ఆర్నెల్లు మా బడి వైపు రాలేదు. ఆ బజారులో ఆటిజం గురించి ఒక్కరికైనా కొత్తగా ఒక్క ముక్క తెలిసిందా అంటే, తెలియలేదు.

అప్పటి నుంచి పద్ధతి మార్చాం. ఇప్పుడు పదిహేను మందికి మించి పిలవం. మీ యూత్ వాళ్ళకి కూడా అదే చెప్పండి. వాళ్ళ మనసు నొప్పించకుండా ఇలా అనండి: ‘తమ్ముళ్ళూ, మా వాడికి శబ్దం పడదు, స్టేజీ ఎక్కితే భయపడతాడు. మీరు నిజంగా చేస్తానంటే నాకు దానికంటే పెద్ద సాయం కావాలి.’ పెద్ద సాయం అన్న మాట విన్నాక కుర్రాళ్ళు వెనక్కి తగ్గరు, చూడండి.

ఆ సాయం ఏమిటంటే, మీ వాడు రోజూ ఎవరి కళ్ళ ముందు తిరుగుతాడో వాళ్ళని ఒకచోట కూర్చోబెట్టడం. ఎండ ఎక్కకముందు, పొద్దున్నే రెండు గంటలు, సామాజిక భవనంలోనో రామాలయం అరుగు మీదో, మైకు లేకుండా. అంగన్‌వాడీ టీచరు, ఆయా, ఆశా కార్యకర్త, ఆటో అతను, కిరాణా కొట్టు ఆయన, కాలువ మీద తిరిగే లస్కరు, రొయ్యల చెరువు కాపలా మనిషి, గుళ్ళో పంతులు గారు, చర్చి పాస్టరు గారు, ఊళ్ళో వైద్యం చేసే ఆర్‌ఎంపీ. కటింగ్ షాపు అతన్ని మాత్రం మర్చిపోవద్దు. ఈ పిల్లలకి క్షవరం అంటే నరకం, మెషీను శబ్దం, మెడ మీద పడే వెంట్రుకలు, చల్లటి నీళ్ళు అన్నీ ఒకేసారి. మా దగ్గర ఒకతను ఉన్నాడు. ముందు నాలుగు రోజులు ఊరికే కుర్చీలో కూర్చోబెట్టి పంపేశాడు, ఐదో రోజు కత్తెర మాత్రం చూపించాడు, తర్వాత రోజుకి కాస్త చొప్పున వారం రోజుల్లో ఒక క్షవరం పూర్తి చేశాడు. ఒక్కసారికే డబ్బు తీసుకున్నాడు. నాకు తెలిసిన గొప్ప థెరపిస్టుల్లో ఆయనొకడు, చదివింది ఏడో తరగతి.

భవిత టీచరునో, బాల స్వాస్థ్య డాక్టరునో అరగంట మాట్లాడమనండి. మిగతా సమయం మీరే మాట్లాడండి. మీరు చెప్పాల్సింది సిద్ధాంతం కాదు. మా వాడు పిలిస్తే తిరగడు, పొగరు కాదు. కింద పడి ఏడుస్తుంటే చుట్టూ మూగొద్దు, ఫోనులో తియ్యొద్దు, రెండడుగులు వెనక్కి వెయ్యండి. మొహం మీద మొహం పెట్టి ‘మామ అను, అను’ అనొద్దు. ఒక్కడే కనిపిస్తే చెయ్యి పట్టి లాగకుండా ముందు నిలబడి నాకు ఫోను చెయ్యండి. ఇలాంటివి ఓ పది. అక్కడికక్కడే యూత్ వాళ్ళ చేత ఒక వాట్సాప్ గ్రూపు పెట్టించండి. బాబు కనిపించడం లేదని మీరు ఒక్క మెసేజ్ పెడితే ఎవరు లాకుల వైపు, ఎవరు చెరువుల వైపు, ఎవరు బస్టాపు వైపు పరుగెత్తాలో ముందే పంచుకోవాలి. ఒకసారి ఉత్తుత్తిగా చేసి చూడమనండి. బ్యాండుకి పెట్టే డబ్బుతో మీ ఇంటి ఎదురుగా గట్టు వెంబడి పది గజాలు దడి కట్టించమనండి.

బాబుని ఆ మీటింగుకి తీసుకెళ్ళక్కర్లేదు. నీలం రంగు, ఆటిజానికి గుర్తుగా వేసే పజిల్ ముక్క బొమ్మ కూడా అక్కర్లేదు. ఆటిజం ఉన్న పెద్దవాళ్ళలో చాలామందికే ఆ బొమ్మ ఇష్టం లేదు, మేమేం ముక్క తక్కువవాళ్ళం కాదంటారు. కనుమనాడు ప్రభల తీర్థానికి తీసుకెళ్ళాలా అని అప్పుడు మళ్ళీ అడుగుతారేమో, ఇప్పుడే చెప్పేస్తాను: తీసుకెళ్ళండి, కానీ బాణసంచా మొదలుకాకముందు, చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టి, వెనక్కి వచ్చే దారి ముందే చూసుకుని. వాడి ఊరి పండగ వాడిది కూడా.

మీ నిద్ర గురించి చివర్లో రాశారు, నేనూ చివర్లోనే చెబుతున్నాను గానీ అది చిన్నదని కాదు. 14416కి ఫోను చేస్తే టెలిమానస్ వాళ్ళు, అంటే మనసు బాధలు వినే ప్రభుత్వ ఫోను సేవ వాళ్ళు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు, పగలూ రాత్రీ ఉంటారు. ఏడవాలనిపిస్తే అక్కడ ఏడవండి, కువైట్ ఫోనులో ఏడిస్తే ఆయన ఇంకో పది సెంట్లు అమ్మేస్తారు.

పెరటి తలుపు గడియ పైకి మార్పించాక నాకు ఒక కార్డు ముక్క రాయండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.